కూ నుంచి అరట్టై దాకా: కొత్త యాప్ వస్తే జనం ఏం చేస్తారు, మీడియా ఏం చూస్తుంది?

సంక్షిప్తంగా

కొత్త సోషల్ మీడియా యాప్‌లో ఒక్కసారిగా లక్షల మంది చేరడానికి చాలాసార్లు ఆ యాప్ గొప్పతనం కంటే పాత యాప్ మీద కోపమో, ఒక రాజకీయ పరిణామమో కారణం అవుతోంది. ఆ ఊపు కొన్ని వారాల్లోనే తగ్గుతోంది. మీడియా మాత్రం డౌన్‌లోడ్ లెక్కలు, చేరిన ప్రముఖుల పేర్లు చూసి భవిష్యత్తును అంచనా కడుతోంది. సామాన్యులు గంటల తరబడి గడిపే వేదికలకు వార్తల్లో దక్కే చోటు అంతకంటే తక్కువ. భారత్‌లో గత పదేళ్ల అనుభవాలే దీనికి ఆధారం.

మూడు రోజుల్లో వంద రెట్లు

2025 సెప్టెంబర్ చివర్లో అరట్టై అనే మెసేజింగ్ యాప్ పేరు దేశమంతా వినిపించింది. తమిళనాడుకు చెందిన జోహో సంస్థ దీన్ని 2021 జనవరిలోనే తెచ్చింది. నాలుగేళ్లకు పైగా పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. అలాంటి యాప్‌లో రోజుకు కొత్తగా చేరేవారి సంఖ్య మూడు రోజుల్లో 3 వేల నుంచి 3.5 లక్షలకు పెరిగిందని జోహో సహ వ్యవస్థాపకుడు శ్రీధర్ వెంబు ప్రకటించారు. కొత్త సౌకర్యాలతో నవంబర్‌లో పెద్ద విడుదల చేద్దామనుకున్నామని, ఈ తాకిడి దానికి ముందే వచ్చిపడిందని కూడా ఆయన చెప్పారు. అంటే జనం వచ్చింది కొత్త సౌకర్యం చూసి కాదు. యాప్ పాతదే, బయటి వాతావరణం మారింది.

ఆ వాతావరణం ఏమిటో గుర్తు చేసుకోవాలి. ఆగస్టు చివర్లో భారత సరకుల మీద అమెరికా సుంకాలు 50 శాతానికి చేరాయి. సెప్టెంబర్ 19న కొత్త హెచ్1బీ దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు. అమెరికాలో పిల్లలు ఉన్న తెలుగు కుటుంబాలు ఆ వారాంతమంతా టెన్షన్‌తో గడిపాయి. రెండు రోజుల తర్వాత ప్రధాని స్వదేశీ వస్తువులు వాడమని పిలుపునిచ్చారు. కేంద్ర ఐటీ మంత్రి అశ్వినీ వైష్ణవ్ తన పనికి జోహో సాఫ్ట్‌వేర్ వాడుతున్నట్టు చెప్పారు. విద్యాశాఖ మంత్రి ధర్మేంద్ర ప్రధాన్ అరట్టైని వాడమని కోరారు. వాట్సాప్ అమెరికా కంపెనీది, అరట్టై మన దేశానిది. అప్పటికి ఆ యాప్‌ను డౌన్‌లోడ్ చేసుకోవడమే ఒక అభిప్రాయ ప్రకటన అయింది.

చేరిన తర్వాత జరిగింది వేరు. తమ కాంటాక్టుల్లో ఎవరెవరు ఉన్నారో చూశారు. ఇద్దరు ముగ్గురికి హలో పంపారు. ఇంటి గ్రూపు, అపార్ట్‌మెంట్ గ్రూపు, పిల్లల స్కూలు గ్రూపు వాట్సాప్‌లోనే ఉండిపోయాయి. ఇంతలో మరో ప్రశ్న వచ్చింది. పంపినవారు, అందుకున్నవారు తప్ప మధ్యలో కంపెనీ కూడా చదవలేని విధంగా మెసేజ్‌కు తాళం వేసే ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ అప్పటికి అరట్టై కాల్స్‌కు ఉంది, చాట్‌లకు లేదు. సంస్థ ఆ పని తర్వాత చేపట్టింది. కానీ కొత్తవాళ్లు పెద్ద సంఖ్యలో వచ్చిన ఆ కొద్ది రోజుల్లో అది సిద్ధంగా లేదు. డౌన్‌లోడ్ జాబితాల్లో వచ్చిన మొదటి స్థానం ఎక్కువ కాలం నిలవలేదు.

కోపంతో మొదలయ్యే వలసలు

అరట్టైకి జరిగింది కొత్తేమీ కాదు. 2019 నవంబర్‌లో సుప్రీంకోర్టు సీనియర్ న్యాయవాది సంజయ్ హెగ్డే ఖాతాను ట్విటర్ నిలిపివేసినప్పుడు, నిరసనగా చాలామంది భారతీయులు మాస్టడాన్‌కు వెళ్లారు. అదొక జర్మన్ ఇంజనీరు 2016లో మొదలుపెట్టిన ట్విటర్ తరహా వేదిక. ఆ వారం ఇంగ్లిష్ పత్రికలన్నీ మాస్టడాన్ అంటే ఏమిటో వివరించాయి. తర్వాత ఆ ప్రస్తావనే తగ్గిపోయింది. 2022 అక్టోబర్‌లో ఎలాన్ మస్క్ 4,400 కోట్ల డాలర్లకు ట్విటర్‌ను కొన్నాక అదే మాస్టడాన్‌కు మళ్లీ గిరాకీ వచ్చింది. నెలలో ఒక్కసారైనా వాడేవారు సుమారు 3 లక్షల నుంచి 25 లక్షలకు పెరిగారు. ఆ సంఖ్య కూడా నిలవలేదు.

2021 జనవరిలో వాట్సాప్ తన ప్రైవసీ విధానం మారుస్తున్నట్టు నోటీసు పంపినప్పుడు సిగ్నల్, టెలిగ్రామ్‌లకు జనం పోటెత్తారు. సిగ్నల్ వాడండని మస్క్ రెండు మాటల్లో ట్వీట్ చేస్తే, సిగ్నల్‌తో సంబంధమే లేని సిగ్నల్ అడ్వాన్స్ అనే చిన్న అమెరికా కంపెనీ షేరు ధర పేరు పోలిక వల్ల ఆకాశానికి ఎగిరింది. వాట్సాప్ తన గడువును ఫిబ్రవరి 8 నుంచి మే 15కు వాయిదా వేసుకుంది, భారత పత్రికల్లో పూర్తి పేజీ ప్రకటనలు ఇచ్చి వివరణ చెప్పుకుంది. ఈ రోజుకీ దేశంలో ఎక్కువమంది వాడే మెసేజింగ్ యాప్ వాట్సాపే.

బ్రెజిల్ సుప్రీంకోర్టు 2024 ఆగస్టు 30న ఎక్స్‌ను (ట్విటర్ కొత్త పేరు) దేశంలో నిలిపివేయాలని ఆదేశించింది. కొద్ది రోజుల్లోనే 20 లక్షలకు పైగా కొత్త ఖాతాలు దాని పోటీ యాప్ బ్లూస్కైలో తెరుచుకున్నాయి. అక్టోబర్‌లో ఎక్స్ తిరిగి వచ్చింది. 2025 జనవరిలో అమెరికాలో టిక్‌టాక్ నిషేధం ముంచుకొచ్చినప్పుడు అక్కడి యువత మరో చైనా యాప్ షియావోహోంగ్‌షులో చేరారు. చైనా యాప్ వాడొద్దన్న ప్రభుత్వానికి ఇంకో చైనా యాప్‌తో జవాబివ్వడం అది. టిక్‌టాక్ ఒక్క రోజులోనే తిరిగి పనిచేయడం మొదలుపెట్టాక ఆ వలసకు కారణమే లేకుండా పోయింది.

ఈ సంఘటనలన్నిటిలో కొత్త వేదిక పేరు పక్కన పెడితే మిగిలేది ఒకటే. జనాన్ని కదిలించిన విషయం పాత వేదికకు సంబంధించినది. కోపం ఎంత తీవ్రంగా ఉన్నా దానికి గడువు ఉంటుంది. మెసేజ్ చూసుకోవడం, వీడియో చూడటం రోజూ చేసే పనులు. కోపం తగ్గిన మర్నాడు కొత్త యాప్ తెరవడానికి వేరే కారణం ఏదైనా దొరకాలి.

అందరూ కలిసి కదిలితేనే

ఆ వేరే కారణం దొరకడం ఎందుకు కష్టమో పల్లెల్లో జరిగే వారపు సంతను చూస్తే తెలుస్తుంది. కొనేవాళ్లు వస్తారనే నమ్మకంతో అమ్మేవాళ్లు వస్తారు, సరుకు ఉంటుందని కొనేవాళ్లు వస్తారు. పక్క ఊళ్లో ఇంతకంటే మంచి షెడ్లు కట్టి కొత్త సంత పెట్టినా, రెండు వర్గాలూ ఒకేసారి మారకపోతే అది నడవదు. ఆర్థిక శాస్త్రం దీన్ని నెట్‌వర్క్ ప్రభావం అంటుంది. ఒక సేవ విలువ దాన్ని వాడే మిగతావాళ్ల సంఖ్య మీద ఆధారపడటమే దాని అర్థం.

అయినా కొన్ని వేదికలు పాతవాటిని దాటిపోయాయి. ఆర్కుట్ 2004 జనవరిలో మొదలై భారత్, బ్రెజిల్‌లలో ఒక తరానికి మొదటి సోషల్ మీడియా అయింది. హైదరాబాద్ ఇంజనీరింగ్ కాలేజీల్లో స్క్రాప్‌లు రాసుకున్న ఆ తరం మెల్లగా ఫేస్‌బుక్‌కు మారింది. 2014 సెప్టెంబర్ 30న గూగుల్ ఆర్కుట్‌ను మూసేసింది. అక్కడ రాత్రికి రాత్రి వలస ఏదీ లేదు. కొన్నేళ్లపాటు రెండు ఖాతాలూ ఉంచుకుని, స్నేహితులు ఎక్కువగా ఎక్కడ కనిపిస్తే అక్కడ ఎక్కువ సమయం గడిపారు. నిలబడిన మార్పులు ఎక్కువగా ఇలాగే జరిగాయి. ఇలా నెమ్మదిగా జరిగేదానికి వార్త అయ్యే తేదీ అంటూ ఒకటి ఉండదు.

సంత సూత్రాన్నే తప్పించుకున్న వేదిక టిక్‌టాక్. స్నేహితులు ఎవరూ లేకపోయినా తెరిచిన మొదటి నిమిషం నుంచే చూడటానికి వీడియోలు ఉంటాయి. మీరు ఏ వీడియో దగ్గర ఆగారో, ఏది దాటేశారో గమనించి తర్వాతిది చూపిస్తుంది. వీడియో చేసేవారికి కూడా ముందుగా ఫాలోవర్లు ఉండాల్సిన పని లేదు. టైప్ చేయడం, ఇంగ్లిష్ మెనూలు చదవడం రాకపోయినా పాటకు డ్యాన్స్ చేసి పెట్టొచ్చు. ప్రకటనలకు ఆ సంస్థ భారీగా ఖర్చుపెట్టిన మాట నిజమే. ఎవరి మీదా కోపంతో పని లేకుండా కోట్ల మందిని తెచ్చుకోగలిగింది మాత్రం ఈ నిర్మాణం వల్ల.

కూ: ప్రముఖులు ముందు వచ్చిన వేదిక

కూ కథ ఇందుకు పూర్తిగా భిన్నం. అప్రమేయ రాధాకృష్ణ, మయాంక్ బిదావత్కా 2020లో బెంగళూరు నుంచి మొదలుపెట్టిన ఈ పసుపు పిట్ట యాప్, భారతీయ భాషల ట్విటర్‌గా గుర్తింపు కోరుకుంది. ఆ ఏడాది ఆగస్టులో కేంద్ర ప్రభుత్వ ఆత్మనిర్భర్ యాప్ పోటీలో బహుమతి గెలిచింది. ఇంగ్లిష్ రానివాళ్లకు ట్విటర్‌లో చోటు లేదన్న దాని వాదన సరైనదే. కన్నడ, హిందీ, తెలుగు, తమిళ భాషల్లో రాసేవారికి అది వేరువేరు వరసలు చూపించేది.

2021 ఫిబ్రవరిలో దానికి అసలు ఊపు వచ్చింది. రైతు ఉద్యమానికి సంబంధించి వెయ్యికి పైగా ఖాతాలను తొలగించాలని ప్రభుత్వం ట్విటర్‌ను ఆదేశించింది. ట్విటర్ కొన్నిటిని తొలగించి, జర్నలిస్టులు, నాయకుల ఖాతాలను తొలగించలేమని చెప్పింది. దానికి కేంద్ర ఐటీ శాఖ తన జవాబును ముందుగా కూలో పెట్టింది. పీయూష్ గోయల్ వంటి మంత్రులు తమ కూ ఖాతాలను ప్రచారం చేశారు. మంత్రి ప్రకటన కూలో వస్తే దాన్ని చూడటానికి విలేకరులు కూడా అక్కడ ఖాతా తెరవాల్సి వచ్చింది. అలా వెళ్లిన విలేకరి కూ గురించి ఒక వార్త కూడా రాశాడు. ఆ వార్త చదివినవాళ్లు కొందరు డౌన్‌లోడ్ చేసుకున్నారు. పెరిగిన డౌన్‌లోడ్లు మరో వార్త అయ్యాయి. 2021 మేలో టైగర్ గ్లోబల్ నాయకత్వంలో 3 కోట్ల డాలర్ల పెట్టుబడి వచ్చింది. జూన్‌లో నైజీరియా ట్విటర్‌ను నిలిపివేస్తే కూ అక్కడికి వెళ్లింది, 2022 నవంబర్‌లో బ్రెజిల్‌లోనూ కొద్ది రోజులు మార్మోగింది.

2024 జులై 3న కూ మూతపడుతున్నట్టు వ్యవస్థాపకులు ప్రకటించారు. డెయిలీహంట్‌తో సహా పలు సంస్థలతో అమ్మకం చర్చలు ఫలించలేదు. వీడ్కోలు సందేశంలో వారిచ్చిన లెక్కలు ఈ విషయం మీద ఆసక్తి ఉన్నవారు గుర్తుంచుకోదగినవి. అత్యున్నత దశలో రోజూ వాడేవారు 21 లక్షలు, నెలలో ఒక్కసారైనా వాడేవారు దాదాపు కోటి, వేదికపై ఉన్న ప్రముఖులు 9 వేలకు పైగా. మొత్తం డౌన్‌లోడ్లు 6 కోట్లు. అంటే డౌన్‌లోడ్ చేసుకున్నవారిలో రోజూ తెరిచినవారు, అత్యున్నత దశను లెక్కలోకి తీసుకున్నా, దాదాపు ముప్పై మందిలో ఒక్కరు.

కూ విఫలమైందని తేలిగ్గా చెప్పేయడం న్యాయం కాదు. ఒక భారతీయ సంస్థ పది భాషల్లో ఇలాంటి వేదికను నిర్మించి, నాలుగేళ్లు నడపడం చిన్న పని కాదు. 2022 చివర్లో ప్రపంచవ్యాప్తంగా స్టార్టప్ పెట్టుబడులు ఎండిపోయాయి, 2023లో కూ తన ఉద్యోగుల్లో దాదాపు మూడో వంతు మందిని తీసేయాల్సి వచ్చింది. ఇలాంటి వ్యాపారంలో లాభం చాలా ఏళ్లకు గానీ రాదు. కానీ ఇంకో బలహీనత మొదట్లోనే ఉంది. జనం కంటే ముందు అధికారం ఆ వేదిక మీదకు వచ్చింది. దాంతో అది ఒక పక్షానికి చెందినదన్న ముద్ర పడింది, మరో పక్షం వాళ్లు దూరంగా ఉండిపోయారు. రెండు పక్షాలూ లేని చోట వాదన ఉండదు. వాదన లేనిచోట ట్విటర్ తరహా వేదికకు రోజూ వచ్చే కారణం సగం పోతుంది.

20 కోట్ల మంది ఉన్నా వినోద వార్తే

కూ గురించి అంత రాసిన మీడియా టిక్‌టాక్ గురించి ఏం రాసింది? 2020 జూన్ 29న గల్వాన్ ఘర్షణ తర్వాత కేంద్రం 59 చైనా యాప్‌లను ఐటీ చట్టం 69ఏ సెక్షన్ కింద నిషేధించింది. అప్పటికి టిక్‌టాక్‌కు భారత్‌లో సుమారు 20 కోట్ల మంది వినియోగదారులు ఉన్నారు. చైనా బయట దానికి అదే అతి పెద్ద మార్కెట్. కూ అత్యున్నత దశలో నెలకు చూసిన జనానికి ఇది ఇరవై రెట్లు.

అయినా నిషేధానికి ముందు టిక్‌టాక్ మీద వచ్చిన వార్తల్లో ఎక్కువ భాగం ప్రమాదాలు, వ్యసనం, విడ్డూరాల చుట్టూ తిరిగాయి. 2019 జులైలో ఖమ్మం నగరపాలక సంస్థ ఉద్యోగులు ఆఫీసులో చేసిన టిక్‌టాక్ వీడియోలు, వాళ్ల మీద తీసుకున్న చర్యలు జాతీయ స్థాయి వార్త అయ్యాయి. అంతకుముందు ఏప్రిల్‌లో మద్రాసు హైకోర్టు ఆదేశంతో ఆ యాప్ కొన్ని రోజులు యాప్ స్టోర్లలో లేకుండా పోయింది. ప్రముఖులు వస్తే మాత్రం వార్త స్వరం మారేది. 2020 వేసవి లాక్‌డౌన్‌లో సన్‌రైజర్స్ హైదరాబాద్ కెప్టెన్ డేవిడ్ వార్నర్ కుటుంబంతో కలిసి తెలుగు సినిమా పాటకు చేసిన డ్యాన్స్ ప్రతి చానల్‌లోనూ వచ్చింది. పొలం గట్టు మీద, ఇటుకల బట్టీ పక్కన, చిన్న వంటింట్లో వీడియోలు చేసిన లక్షల మందికి అలాంటి గౌరవం దక్కలేదు.

నగరాల్లోని ఇతర వేదికల వాడకందారుల నుంచి కూడా అదే చిన్నచూపు ఎదురైంది. 2020 మేలో యూట్యూబ్, టిక్‌టాక్ అభిమానుల మధ్య మాటల యుద్ధం ముదిరి, ప్లే స్టోర్‌లో టిక్‌టాక్‌కు మూకుమ్మడిగా ఒక్క స్టార్ రేటింగ్ ఇచ్చారు. 4కు పైగా ఉన్న సగటు 2 కంటే కిందకు పడింది. గూగుల్ లక్షల సంఖ్యలో రివ్యూలను తొలగించింది. టిక్‌టాక్ మీద నిజమైన అభ్యంతరాలు ఉన్నాయి, హింసను ప్రోత్సహించే వీడియోలు అందులో ముఖ్యమైనవి. అయితే ఆ గొడవలో వాడిన మాటలు చూస్తే, అక్కడ కనిపించే మనుషుల యాస, బట్టలు, ఇళ్లు కూడా అభ్యంతరంలో భాగమేనని అర్థమవుతుంది.

నిషేధం తర్వాత ఏం జరిగిందన్నది అంతకంటే తక్కువగా చర్చకు వచ్చింది. పది రోజులు తిరక్కుండానే ఇన్‌స్టాగ్రామ్ భారత్‌లో రీల్స్ తెచ్చింది. షేర్‌చాట్ సంస్థ మోజ్‌ను, డెయిలీహంట్ సంస్థ జోష్‌ను రంగంలోకి దింపాయి. సెప్టెంబర్‌లో యూట్యూబ్ షార్ట్స్ ప్రయోగాత్మకంగా మొదలైంది మన దేశంలోనే. చూసేవాళ్లకు ప్రత్యామ్నాయం దొరికింది. చేసేవాళ్ల పరిస్థితి అలా లేదు. వార్నర్‌లాంటి వ్యక్తికి ఇన్‌స్టాగ్రామ్‌లో అప్పటికే అభిమానులు ఉన్నారు, ఆయన అదే డ్యాన్స్ అక్కడ కొనసాగించారు. టిక్‌టాక్‌లోనే లక్షల ఫాలోవర్లను కూడబెట్టుకున్న మారుమూల కుర్రాడు మాత్రం సున్నా నుంచి మొదలుపెట్టాలి. ఫాలోవర్లను ఈ వేదికల్లో ఒకదాని నుంచి ఇంకోదానికి తీసుకుపోయే వీలు లేదు.

మీడియా చూపు ఎందుకు అటు?

ఈ అసమానతకు ఒక లెక్క చాలు. 2021 ఫిబ్రవరి 25న కొత్త ఐటీ నిబంధనలు ప్రకటిస్తూ కేంద్ర ప్రభుత్వం దేశంలో వాడకందారుల సంఖ్యలు చెప్పింది: వాట్సాప్ 53 కోట్లు, యూట్యూబ్ 44.8 కోట్లు, ఫేస్‌బుక్ 41 కోట్లు, ఇన్‌స్టాగ్రామ్ 21 కోట్లు, ట్విటర్ 1.75 కోట్లు. ఈ ఐదింటిలో అతి చిన్నది ట్విటర్. అయినా పత్రికల్లో, టీవీ చర్చల్లో ఎక్కువగా వినిపించేది దాని పేరే. నాయకులు, సినిమావాళ్లు, క్రికెటర్లు, జర్నలిస్టులు అక్కడ ఉండటమే అందుకు కారణం. విలేకరికి అది పని చేసే చోటు. ఆఫీసు కుర్చీలోంచి లేవకుండా ఒక ప్రకటన, దానికి ప్రతిస్పందన, దాని మీద జనం మాట దొరుకుతాయి. కాబట్టి ట్విటర్‌కు పోటీ అని చెప్పుకునే ఏ చిన్న యాప్ వచ్చినా అది విలేకరుల సొంత ఇంటి వార్త అవుతుంది. వాట్సాప్ స్టేటస్‌లలో, షేర్‌చాట్ గుంపుల్లో జరిగేది అంత సులువుగా కోట్ చేయడానికి దొరకదు.

ఇంకో కారణం వ్యాపారానికి సంబంధించినది. పేరు కొత్తగా వినిపించిన రోజు లక్షల మంది దాన్ని గూగుల్‌లో వెతుకుతారు. ఫలానా యాప్ ఏమిటి, ఎలా డౌన్‌లోడ్ చేసుకోవాలి, వాట్సాప్‌కు పోటీ ఇస్తుందా అనే శీర్షికలు ఆ వెతుకులాట కోసమే పుడతాయి. రెండు నెలల తర్వాత ఎంతమంది మిగిలారో ఎవరూ వెతకరు, కాబట్టి ఆ కథనం కూడా రాదు.

థ్రెడ్స్, క్లబ్‌హౌస్: రెండు వైపులా తప్పిన అంచనా

ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌ల యజమాని మెటా 2023 జులైలో ట్విటర్ తరహా యాప్ థ్రెడ్స్ విడుదల చేసినప్పుడు ఐదు రోజుల్లో 10 కోట్ల మంది చేరారు. ట్విటర్ పని అయిపోయిందని వార్తలు వచ్చాయి. ఆ చేరిక అర్థం వేరు. ఇన్‌స్టాగ్రామ్ ఖాతా ఉన్నవారు ఒక్క నొక్కుతో థ్రెడ్స్‌లోకి రావొచ్చు, మొదట్లో థ్రెడ్స్ ఖాతాను తీసేయాలంటే ఇన్‌స్టాగ్రామ్‌ను కూడా వదులుకోవాలి. కొన్ని వారాలకే చేరినవారిలో సగానికి పైగా మళ్లీ రాలేదని మెటా అధినేత మార్క్ జుకర్‌బర్గ్ స్వయంగా ఉద్యోగులతో చెప్పినట్టు తెలిసింది. ఈసారి థ్రెడ్స్ పని అయిపోయిందని రాశారు. 2025 ఆగస్టు నాటికి నెలవారీ వాడకందారులు 40 కోట్లు దాటారు. మొదటి వార్తా తప్పింది, రెండోదీ తప్పింది. ఇన్‌స్టాగ్రామ్ లోపలి నుంచి రోజూ కొంతమందిని అటు నెట్టగల స్తోమత, ఏళ్లపాటు నష్టం భరించగల డబ్బు మెటాకు ఉన్నాయి. కూకు లేనివి సరిగ్గా ఆ రెండే.

గొంతుతోనే గుంపుగా మాట్లాడుకునే యాప్ క్లబ్‌హౌస్ విషయంలో తేడా మరో దిశలో వచ్చింది. 2021 మే 21న ఆండ్రాయిడ్ ఫోన్లలో భారత్‌కు వచ్చినప్పుడు కోవిడ్ రెండో దశ ఉధృతంగా ఉంది. తెలంగాణలో లాక్‌డౌన్, ఆంధ్రప్రదేశ్‌లో కర్ఫ్యూ. ఇళ్లలో చిక్కుకుపోయిన తెలుగువాళ్లు సినిమాల మీద, రాజకీయాల మీద, సాహిత్యం మీద అర్ధరాత్రి దాకా గదుల్లో మాట్లాడుకున్నారు, అమెరికా నుంచి ప్రవాసులు కలిశారు. అప్పటికి నెల ముందే దాని విలువను 400 కోట్ల డాలర్లుగా కట్టారు. లాక్‌డౌన్ తీశాక ఆ గంటలు ఆఫీసుకు, ప్రయాణానికి, బంధువులకు పోయాయి. ట్విటర్ తన స్పేసెస్‌తో అదే సౌకర్యం ఇచ్చింది. 2023 ఏప్రిల్‌లో క్లబ్‌హౌస్ సగానికి పైగా ఉద్యోగులను తొలగించింది. అయితే సౌకర్యం బతికింది. రాజకీయ పార్టీల మద్దతుదారులు, సినిమా అభిమానులు ఇప్పటికీ స్పేస్‌లు పెడుతున్నారు. స్నాప్‌చాట్ స్టోరీలు 2016లో ఇన్‌స్టాగ్రామ్‌లోకి, టిక్‌టాక్ వీడియోలు 2020లో రీల్స్‌లోకి వెళ్లింది కూడా ఈ దారిలోనే. కొత్త వేదిక కనిపెడుతుంది, పాత వేదిక దాన్ని తనలో కలుపుకుంటుంది. జనానికి ఇల్లు మారాల్సిన అవసరం తప్పుతుంది.

భయంలో ఏది నిజం?

కొత్త వేదికలు ఉత్సాహంతోపాటు భయాన్నీ తెస్తాయి. రేడియో, సినిమా, టీవీ, వీడియో గేమ్‌ల మీద వచ్చిన ఆందోళనలు ఒకే చక్రంలో తిరిగాయని బ్రిటన్‌లో పనిచేసే మనస్తత్వ శాస్త్రవేత్త ఎమీ ఆర్బెన్ 2020లో వివరించారు. ప్రతిసారీ పరిశోధన మొదటి నుంచి మొదలవుతుంది, జవాబు వచ్చేలోపు ఇంకో సాంకేతికత వచ్చేస్తుంది. ఈ వాదనలో బలం ఉంది. దాన్ని సాకుగా తీసుకుని అన్ని భయాలనూ కొట్టిపారేయడం మాత్రం ప్రమాదం.

2018 మేలో పిల్లల్ని ఎత్తుకెళ్లే ముఠాలు తిరుగుతున్నాయన్న వాట్సాప్ పుకార్లతో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో అమాయకుల మీద దాడులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. జోగులాంబ గద్వాల జిల్లా ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి కానిస్టేబుళ్లను ఊరూరా పంపి, జానపద కళాకారులతో పాటలు పాడించి, పుకారును నమ్మొద్దని చెప్పించారు. ఆ ఏడాది జులైలో వాట్సాప్ భారత్‌లో ఒక మెసేజ్‌ను ఒకేసారి ఐదు చాట్‌లకు మించి ఫార్వర్డ్ చేయకుండా పరిమితి పెట్టింది. ఇక్కడ హాని స్పష్టం, కారణమూ స్పష్టం. అపరిచితుడి నుంచి వచ్చిన వీడియో తెలిసినవాళ్ల పేరు మీద చేరేది, ఎన్ని చేతులు మారిందో అప్పట్లో తెలిసేది కాదు, ఆపే బటన్ ఉండేది కాదు. పరిష్కారం కూడా ఆ కారణాన్నే తాకింది. యువత పాడైపోతోంది అనే కథనానికీ, ఫార్వర్డ్ సౌకర్యంలో పరిమితి లేకపోవడం ప్రాణాలు తీస్తోంది అనే కథనానికీ తేడా ఇదే. మొదటిది నిషేధాన్ని మాత్రమే కోరగలదు. 16 ఏళ్ల లోపు పిల్లలకు ఖాతాలు ఉండకూడదన్న ఆస్ట్రేలియా చట్టం 2025 డిసెంబర్ 10న అమల్లోకి వచ్చింది. ఆ నిర్ణయం మంచిచెడ్డలు తేలడానికి సమయం పడుతుంది. ఈలోపు చర్చ మాత్రం వయసు దగ్గరే నిలిచిపోకుండా, ఒకదాని తర్వాత ఒకటి వచ్చిపడే వీడియోలు, అపరిచితుల మెసేజ్‌లు వంటి ఒక్కో సౌకర్యం దాకా వెళ్లాల్సి ఉంది.

ఇక ముందు

ఇలాంటి హడావుడులు మళ్లీ వస్తాయి. ఒక విదేశీ కంపెనీతోనో, దేశంతోనో గొడవ, ఒక మంత్రి పిలుపు, ఒక స్వదేశీ యాప్, లక్షల డౌన్‌లోడ్లు అనే వరస ఇప్పటికే బాగా అలవాటైంది. అప్పుడు వచ్చే వార్తల్లో ముందు చూడాల్సింది ఏ సంఖ్య ఇస్తున్నారన్నది. డౌన్‌లోడ్లు, రిజిస్ట్రేషన్లు మొత్తంగా కూడుకుంటూ పోయే లెక్కలు, అవి ఎప్పటికీ తగ్గవు. రోజూ వాడేవారి సంఖ్య తగ్గగలదు, అందుకే చాలా కంపెనీలు దాన్ని చెప్పడానికి ఇష్టపడవు. కూ ఆ సంఖ్యను ప్రముఖంగా చెప్పింది మూసేసిన రోజున.

నిబంధనల భారం కూడా చిన్న వేదికల విషయంలో లెక్కలోకి వస్తుంది. 2021 నిబంధనల ప్రకారం 50 లక్షల మంది నమోదిత వినియోగదారులు దాటితే ఫిర్యాదుల అధికారి, నిబంధనల అమలు అధికారి, పోలీసులతో సమన్వయానికి ఇంకో అధికారి ఉండాలి, ప్రతి నెలా నివేదిక ఇవ్వాలి. ఒక వారం ఊపులో ఆ గీత దాటిన సంస్థకు ఆదాయం రాకముందే ఈ ఖర్చు మొదలవుతుంది. తెలుగులో రాసే ద్వేషాన్ని, పుకారును గుర్తుపట్టే మనుషులను పెట్టుకోవడం దానికి అదనం.

అసలు అడ్డంకి మాత్రం వేరే ఉంది, దానికి పరిష్కారం కూడా తెలిసిందే. ఫోన్‌పే వాడే వ్యక్తి గూగుల్ పే వాడే దుకాణదారుకు డబ్బు పంపగలడు, ఎందుకంటే రెండూ యూపీఐ మీద నడుస్తాయి. మెసేజింగ్ కూడా అలాగే ఉండాలని, ఒక యాప్ నుంచి ఇంకో యాప్‌కు సందేశం వెళ్లే ఏర్పాటు కావాలని అరట్టై ఊపు సమయంలో శ్రీధర్ వెంబు అన్నారు. ఐరోపా సమాఖ్యలో డిజిటల్ మార్కెట్ల చట్టం కింద పెద్ద కంపెనీల బాధ్యతలు 2024 మార్చి నుంచి అమల్లో ఉన్నాయి. అక్కడ అడిగిన ఇతర యాప్‌లకు వాట్సాప్ తన తలుపు తెరవాలి. భారత్‌లో అలాంటి నిబంధన లేదు. అది వచ్చేదాకా కొత్త యాప్‌కు మారాలనుకున్న వ్యక్తి తనతోపాటు ఇంటి గ్రూపును, ఆఫీసు గ్రూపును, ఊరి గ్రూపును కూడా ఒప్పించాల్సి ఉంటుంది.